ప్రతీక్షయు, అపేక్షయు: వైజ్ఞానిక చలచ్చిత్రములపై నొక విమర్శ

చలచ్చిత్రమును చూచి వచ్చిన ప్రేక్షకుడు పలుకు నిందావాక్యములలో మిక్కిలి తరచుగా వినబడునవి రెండు. "అనుకొన్నట్లే జరిగినది" అనునది యొకటి. "అనుకొన్నట్లు జరుగలేదు" అనునది రెండవది. ఇవి పరస్పరవిరుద్ధములు. అయినను ఒకే చిత్రమును గూర్చి, ఒకే దినమున, ఒకే వీథిలో ఈ రెండు నిందలును పుట్టుచుండుట కలదు. అన్ని తెఱగుల చిత్రములకును ఈ గతి పట్టుచున్నను, లోకమున సైన్స్ ఫిక్షన్ అని వ్యవహరింపబడు వైజ్ఞానిక కల్పనాచిత్రములకు ఇది విశేషముగా తటస్థించుచున్నది. కారణము స్పష్టము. సాంసారిక కథలో ప్రేక్షకునికి లోకానుభవము దారి చూపును. పౌరాణిక కథలో పురాణము దారి చూపును. వైజ్ఞానిక కల్పనలో ఇంకను రాని కాలమో, ఎన్నడును చూడని లోకమో కథాస్థానమగుటచే, అతడు తాను పూర్వము చూచిన చిత్రములను మాత్రమే ఊతగా గొని ముందు జరుగబోవునది ఊహించును. ఆ యూహ తప్పినప్పుడు అది కృతికి గుణమా, దోషమా యని నిర్ణయించుటకు కొలబద్ద యేదియో విచారించుట యీ వ్యాసమునకు ప్రయోజనము.

అట్టి కొలబద్దకై దూరము పోవలసిన పని లేదు. కాళిదాస భారవి మాఘాదుల కావ్యములకు వ్యాఖ్యానములు రచించిన కోలాచల మల్లినాథసూరి తెలంగాణమువాడు. ఆయన యింటిపేరున నిలిచిన కోలాచలము నేటి మెదకు జిల్లాలోని కొల్చారమని విద్వాంసులు చెప్పుచున్నారు. 2016వ సంవత్సరమున జిల్లాల పునర్విభజన జరుగువరకు జహీరాబాదు ప్రాంతమందలి న్యాల్‌కల్ కూడ ఆ మెదకు జిల్లాలోనిదే. ఇప్పుడది సంగారెడ్డి జిల్లాలో చేరియున్నది. మల్లినాథుడు వ్యాఖ్యారంభమున, మూలము లేనిది వ్రాయననియు, అపేక్షితము కానిది చెప్పననియు ప్రతిజ్ఞ చేసెను. వ్యాఖ్యాత తనకు విధించుకొన్న యీ రెండు నియమములును కథ కల్పించువానికి గూడ వర్తింపదగినవి. కథ కల్పించువాడు మూలమును మార్చవచ్చును గాని మూలము లేనిదానిని తెచ్చిపెట్టరాదు. క్రొత్తది చెప్పవచ్చును గాని కథకు అక్కఱలేనిదానిని చెప్పరాదు.

ఇందు అపేక్ష యను పదము గమనింపదగియున్నది. నేటి వాడుకలో దానికి కోరిక యని యర్థము. శాస్త్రవ్యవహారమున ఒకటి పూర్ణమగుటకు మఱియొకటి కావలసియుండుట అపేక్ష. "తెచ్చెను" అన్నంతనే ఎవరు తెచ్చిరి, దేనిని తెచ్చిరి అను ప్రశ్నలు పుట్టును; వానికి ప్రత్యుత్తరము దొరకువరకు వాక్యము కుంటువడియుండును. వాక్యార్థవిచారమున దీనినే ఆకాంక్ష యందురు. ప్రతీక్ష యనునది వేఱు. అది యెదురుచూపు. "తెచ్చెను" అని వినినవాడు పండ్లు తెచ్చెనని యెదురుచూడవచ్చును; వచ్చినది పుస్తకము కావచ్చును. ఎదురుచూపు తప్పినది గాని వాక్యము పూర్ణమైనది. కావున ప్రతీక్ష ప్రేక్షకునికి సంబంధించినది. అతడు దానిని ఇంటినుండి వెంట దెచ్చుకొనును. అపేక్ష కృతికి సంబంధించినది. కృతి తన మొదటి దృశ్యములలోనే దానిని పుట్టించును. ప్రతీక్ష భగ్నమైనను కృతికి హాని లేదు. ఒక్కొక్కచో అదియే శోభ. అపేక్ష భగ్నమైనచో కృతి అపూర్ణమై నిలుచును. ప్రేక్షకులు రెండింటిని గూర్చియు "అనుకొన్నట్లు జరుగలేదు" అను నొకే మాట పలుకుచుండుటచే విమర్శలో చిక్కు కలుగుచున్నది.

ఈ భేదమునకు తెలుగువారందఱెఱిగిన యుదాహరణము 1957 నాటి "మాయాబజార్". కె. వి. రెడ్డి దర్శకత్వమున వచ్చిన యీ పౌరాణిక చిత్రమున ప్రియదర్శిని యను పేటిక యొకటి కలదు. తెఱచినవారికి తమకు మిక్కిలి ప్రియమైనది అందు కానవచ్చును. ఇది చిత్రము తానై విధించుకొన్న నియమము. శ్రీకృష్ణుడు దానిని తెఱచినప్పుడు రుక్మిణియో, మఱియొక యాప్తులో కనబడుదురని చూచువారి ప్రతీక్ష. కనబడినవాడు శకుని. సభలోనివారు విస్తుపోవుదురు, ప్రేక్షకులును విస్తుపోవుదురు. అయినను పేటిక నియమము తప్పలేదు. కౌరవనాశమునకు శకునియే సాధనమగుటచే, కృష్ణుడు నడపదలచిన నాటకమునకు అతనికంటె కావలసినవాడు లేడు. ప్రతీక్ష తప్పుటచేతనే ప్రియమను శబ్దమునకు ఆ సందర్భమున గల లోతు తెలియవచ్చినది. శకునికి మాఱుగా ఏ సంబంధమును లేని యొక విచిత్రవస్తువు కనబడియున్నచో, ఆశ్చర్యము అంతయే కలిగియుండును గాని పేటిక మీది విశ్వాసము నశించియుండును.

అద్భుతరసమునకు విస్మయము స్థాయిభావమని భరతముని నిర్ణయించెను. పౌరాణికమునందును, జానపదమునందును, వైజ్ఞానికమునందును రసము అద్భుతమే. ఐనను హేతువు విషయమున భేదము కలదు. జానపద చిత్రమున మాంత్రికుని ప్రతిమ కోరినది యిచ్చునన్నచో ఎట్లిచ్చునని యెవ్వరును అడుగరు. వైజ్ఞానిక కల్పనలో యంత్రము కదలినంతనే ఎట్లు కదలెనను ప్రశ్న పుట్టును. హేతువు నిజముగా శాస్త్రసమ్మతము కానక్కఱలేదు. కాలయంత్రము నేటి వఱకు ఏ ప్రయోగశాలయందును నిర్మింపబడలేదు. హేతువు కలదను భంగిమ యుండవలెను. ఒకమాఱు చెప్పిన హేతువునకు కథ కట్టుబడవలెను. అనగా వైజ్ఞానిక కల్పన ఇతరజాతుల కథలకంటె ఎక్కువ యపేక్షను పుట్టించుకొనును. కావున ప్రతీక్షను భంగపఱచుటకు దానికి గల స్వాతంత్ర్యమును ఎక్కువ, అపేక్షను తీర్చుటలో దానికి గల ఋణమును ఎక్కువ.

విదేశీయ చిత్రములలో 1968 నాటి "ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్" దీనికి చక్కని సాక్ష్యము. వ్యోమగాములు దూరగ్రహమున దిగితిమనుకొందురు. అచ్చట వానరములు ఏలికలు, మనుష్యులు మూగజంతువులు. చిత్రాంతమున సముద్రతీరమందు ఇసుకలో సగము పూడుకొనిపోయిన స్వాతంత్ర్యదేవతా విగ్రహము కనబడును. ఆ గ్రహము భూమియే. ఈ ముగింపు ప్రేక్షకుల ప్రతీక్షను తలక్రిందులు చేసినను, దాని మూలము మొదటినుండియు కన్నులయెదుటనే కలదు. నౌకలోని గడియారము వేల సంవత్సరములు గడచినవని చూపెను. వానరములు ఆంగ్లము మాటలాడుచుండెను. దూరగ్రహమున ఆంగ్లమెట్లు పుట్టెనని ప్రేక్షకుడు అడుగవలసియుండగా, చిత్రములలో నిది మామూలే యని మిన్నకుండెను. అతడు క్షమించి విడిచిన యంశమే తుదకు సాక్ష్యమైనది.

ఆ వత్సరముననే వచ్చిన కూబ్రిక్ చిత్రము "2001: ఎ స్పేస్ ఒడిస్సీ" వేఱొక విషయమును తెలుపును. ఇందు ఇంచుమించు మొదటి 25 నిమిషముల వఱకు సంభాషణయే లేదు. సాహసయాత్రను కోరి వచ్చినవారిలో పలువురు విసిగిరి. విడుదలయైన కొలదిదినములలోనే దర్శకుడు సుమారు 19 నిమిషముల భాగమును తగ్గించెను. తరువాతి తరము ఆ మౌనమునే మెచ్చుకొనెను. ప్రతీక్ష కాలానుగుణముగా మాఱునది. కృతి పుట్టించుకొన్న యపేక్ష మాఱదు. అందుచే విమర్శకుడు తన కాలపు ప్రతీక్షను కృతిమీద రుద్దరాదు.

తెలుగు సాహిత్యమున ఈ విచారమునకు చోటు లేదనుకొనుట పొరపాటు. పదునాఱవ శతాబ్దమున పింగళి సూరన రచించిన "కళాపూర్ణోదయము"ను స్మరించినచో చాలును. కాలక్రమమును ఇంత ధైర్యముతో మార్చిన ప్రబంధము మఱియొకటి కానరాదు. బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ భవిష్యత్కథ. కళాపూర్ణుడు పుట్టకమునుపే అతని కథ చెప్పబడినది. బ్రహ్మవాక్కు అమోఘమగుటచే, చెప్పబడినందుననే యది జరుగవలసినదైనది. ఆ కథను వినిన చిలుక ఆ కథలోనే మధురలాలసగా జన్మించెను. కలభాషిణి, మణికంధరుడు మున్నగువారి వృత్తాంతములతో ఆరంభమగు కావ్యమును చదువువాడు, మధ్యాశ్వాసములు చేరువఱకు ఈ సూత్రమునే యెఱుగడు. ఎఱిగినపిమ్మట వెనుకటి ప్రతి ఘట్టమును క్రొత్తయర్థమునిచ్చును. యంత్రము లేదు, విద్యుత్తు లేదు. అయినను భవిష్యత్తు గతమును నిర్ణయించు కథనము కలదు. చదువరి ప్రతీక్ష అడుగడుగున తప్పుచున్నను, ఒక్క పాత్రకును జన్మహేతువు చెప్పకుండ విడువలేదు. అపేక్షను తీర్చుటలో సూరన చూపిన జాగ్రత్త నేటి వైజ్ఞానిక కల్పనాకారులకు పాఠము.

ఇక తెలుగున ఈ జాతికి చెందిన ప్రధానకృతి 1991లో సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వమున వెలువడిన "ఆదిత్య 369". ఈయన కె. వి. రెడ్డి యొద్ద పనిచేసి "మాయాబజార్" నిర్మాణమున పాలుగొన్నవాడు. ప్రతీక్షాభంగము ఈయనకు క్రొత్త కాదు. 1987లో "పుష్పకవిమానము" అను పేరు పెట్టి, పురాణవిమానమును గాని ఒక్క మాటను గాని చూపక, మూగచిత్రమున నగరజీవనమును పరిహసించెను. "ఆదిత్య 369"లో ప్రొఫెసర్ రాందాసు అను శాస్త్రజ్ఞుడు నిర్మించిన కాలయంత్రమున నాయికానాయకులు మొదట 1526వ సంవత్సరమునకును, పిదప 2504వ సంవత్సరమునకును పోవుదురు. విడుదలయైన 1991 నుండి లెక్కించినచో వెనుకకు 465 ఏండ్లు, ముందునకు 513 ఏండ్లు. ఇంచుమించు సమదూరములైన యీ రెండు గమ్యముల మధ్య నిలిచినది నేటి కాలము.

కాలయంత్రకల్పనకు ఆద్యకృతులలో నొకటియైన హెచ్. జి. వెల్స్ నవల 1895లో వెలువడినది. అందలి యాత్రికుడు భవిష్యత్తునకే పోవును. 802701వ సంవత్సరమున మనుష్యజాతి రెండు తెగలుగా చీలి క్షీణించియుండుటను చూచును. పాశ్చాత్య కథలో యంత్రము ఎఱిగిన చోటునుండి ఎఱుగని చోటునకు కొనిపోవును. తెలుగు చిత్రమున యంత్రమే యెఱుగనిది. అది చేర్చిన చోటు తెలుగువాడు చిరకాలముగా నెఱిగిన యిల్లు. 1956 నాటి "తెనాలి రామకృష్ణ", 1962 నాటి "మహామంత్రి తిమ్మరుసు" చిత్రములలో రాయలుగా నందమూరి తారకరామారావును చూచిన ప్రేక్షకులు, 1991లో ఆ సింహాసనముమీద ఆయన కుమారుడు బాలకృష్ణను చూచిరి. శాస్త్రచిత్రమనగా లోహపు నగరములను, ఆకాశనౌకలను ఎదురుచూచినవారికి భువనవిజయము, కవులు, నాట్యము ఎదురైనవి. ప్రతీక్ష తప్పినది. అపేక్ష తప్పినదా? తప్పలేదు. ప్రదర్శనశాలలోని రాయల నాటి వజ్రమును దొంగలించుట కథకు బీజము. ఆ వజ్రము ఏ కాలమునుండి వచ్చినదో, ఆ కాలమునకు యంత్రము పోవుటలో మూలము కలదు. నాయకుడును, రాయలును ఒకే నటునిచే నభినయింపబడుటచే, ద్విపాత్రమనగానే పునర్జన్మమో, కవలలో యని తలచు నలవాటునకు గూడ భంగము కలిగినది. కథ ఆ బాంధవ్యముమీద నిలువలేదు.

ఇచ్చట పరిశోధకులకు ఒక యాక్షేపము తోచును. "పాండురంగమాహాత్మ్యము" రచించిన తెనాలి రామకృష్ణకవి రాయల తరువాతి కాలమువాడని పలువురు సాహిత్యచరిత్రకారులు వాదించియున్నారు. 1509 మొదలు 1529 వఱకు ఏలిన రాయల సభలో, 1526 నాటికి, ఆయనను కూర్చుండబెట్టుట చరిత్రవిరుద్ధము కాదా? చిత్రము చరిత్రగ్రంథమును మూలముగా గొనలేదు. జనశ్రుతిని మూలముగా గొన్నది. జనశ్రుతిలో రాయలు లేని రామకృష్ణుడు లేడు. మూలము ఏదియైనను దానికి కట్టుబడియుండుటయే యిచ్చట కావలసినది. అయితే పాఠశాలలో చరిత్ర బోధించువారు ఈ భేదమును విద్యార్థులకు స్పష్టపఱుపవలెను. చిత్రము చూపిన సభ జనుల జ్ఞాపకములోని సభయే గాని శాసనములలోని సభ కాదు.

2504వ సంవత్సరమున చిత్రము మఱియొక ప్రతీక్షను భంగపఱచెను. విజ్ఞానము ముదిరినకొలది లోకము వెలుగునని తలచినవారికి, మూడవ ప్రపంచయుద్ధానంతరము నేల క్రింద తలదాచుకొనిన మానవులు కనబడిరి. ఐనను ఇందు తెలుగు ప్రేక్షకుని లోతైన సంస్కారమునకు విరోధము లేదు. కృతయుగమునుండి కలియుగమునకు ధర్మము క్షీణించునను యుగభావన అతని రక్తములో నున్నది. వెనుకటి రాయల కాలము శోభనము, ముందటి కాలము శూన్యము. నడుమ నేటి కాలము. పైపైన ప్రతీక్ష భగ్నమై, లోలోపలి విశ్వాసము స్థిరపడినది. ఈ చిత్రమునకు గల బలమును, హద్దును ఇందే కలవు. రాయల సభకు ఇచ్చినంత చోటు భవిష్యత్తునకు ఈయబడలేదు. భూమి పాడైన విధము చెప్పబడినదే గాని అనుభవమునకు రాలేదు. ప్రేక్షకుడు ఎఱిగిన యింటిలో ఎక్కువసేపు ఉంచబడెను; ఎఱుగని చోట తొందరగా త్రిప్పబడెను. అపేక్ష అచ్చట కొంత తీరక మిగిలినది. ఐనను 2025లో ఈ చిత్రము మరల విడుదలయైనప్పుడు, కథ ముందే తెలిసినవారును మరల చూచిరి. తెలిసినకథలో ప్రతీక్షాభంగమునకు చోటు లేదు. అట్లయినను చూడబుద్ధి పుట్టించునది అపేక్షను తీర్చు కూర్పుమాత్రమే. రెండవమాఱు చూచుట కంటె వైజ్ఞానిక చిత్రమునకు గట్టి పరీక్ష లేదు.

2024లో నాగ్ అశ్విన్ దర్శకత్వమున వచ్చిన "కల్కి 2898 ఏ.డి." ఈ విచారమును మఱింత క్లిష్టము చేసినది. సింగీతం శ్రీనివాసరావే దీని రచనకు మార్గదర్శకుడుగా నుండుట గమనింపదగినది. 1957, 1991, 2024 అను మూడు మెట్లు ఒకే శిష్యపరంపరలోనివి. చిత్రము కురుక్షేత్రాంతమున ఆరంభమగును. ఉత్తర గర్భముమీద అస్త్రము ప్రయోగించిన అశ్వత్థామను శ్రీకృష్ణుడు శపించి, భవిష్యత్తున కల్కి మాతను కాపాడు పనిని అతనికి అప్పగించును. పిదప కథ 2898కి దుముకును. గంగ యెండిన కాశీ, ప్రకృతిసంపదనంతయు పీల్చుకొను కాంప్లెక్స్ అను దుర్గము, దానిని ఏలు యాస్కిన్, పారితోషికములకై మనుష్యులను పట్టియిచ్చు భైరవుడు, గర్భమును మోయు సుమతి, ఆమెను కాపాడు అశ్వత్థామ అందలి ముఖ్యాంశములు.

ఇందు ప్రతీక్షాభంగములు నాలుగు. మొదటిది నాయకునిది. ప్రసిద్ధనటుడు ప్రభాస్ ధరించిన భైరవుడు లోకరక్షకుడుగా గాక, కాంప్లెక్స్‌లో చోటు సంపాదించుకొనుటకై కల్కి మాతనే పట్టియియ్యజూచు స్వార్థపరుడుగా కథాంతము వఱకు కనబడును. వీరకృత్యములు ముదుసలి యశ్వత్థామవి. అభిమానులలో కొందఱు దీనిని సహింపలేదు. కాని మూలము చూడుడు. గర్భముమీద అస్త్రము వేసినవాడే గర్భమును కావలి కాయవలెను. శాపమునకు ప్రాయశ్చిత్తము అట్టిదే. మొదటి దృశ్యము పుట్టించిన యపేక్షను చిత్రము నిష్ఠతో తీర్చినది. వ్యాసభారతమున అశ్వత్థామ శాపమునకు 3000 ఏండ్ల యవధి చెప్పబడియుండగా చిత్రమున అది పెరిగినను, అతనిని చిరంజీవులలో లెక్కించు సంప్రదాయము ఆ మార్పునకు ఊత.

రెండవది కథాంతమున వెల్లడియగు పూర్వజన్మ. భైరవుడు కర్ణుడనియు, అర్జునుని గాండీవమును ఎత్తినవాడు ప్రతినాయకుడైన యాస్కిన్ అనియు తెలియును. భారతమును ఎఱిగినవారికి ఇది తారుమారు. అయినను కర్ణుని జీవితమే తారుమారు; ధర్మము నెఱిగియు అధర్మపక్షమున నిలిచినవాడతడు. పారితోషికమునకై పొరపాటు పక్షమున నిలిచిన భైరవుడు అతనికి తగిన రూపము. కావున ఈ భంగమునకును మూలము కలదు.

మూడవది పేరునకు సంబంధించినది. కల్కి యను పేరుగల చిత్రమున కల్కి పుట్టలేదు. దీనిని మోసమని నిందించినవారు "కుమారసంభవము"ను జ్ఞప్తికి దెచ్చుకొనవలెను. కాళిదాసకృతమని పండితులెల్లరు అంగీకరించు ఎనిమిది సర్గలలో కుమారుడు పుట్టడు. మల్లినాథుని వ్యాఖ్య కూడ ఆ ఎనిమిది సర్గలకే కలదు. ఐనను రెండింటికి భేదము గలదు. తారకాసురునిచే పీడితులైన దేవతలకు కావలసినది శివపార్వతుల సమాగమము. అష్టమసర్గతో అది సిద్ధించినది, అపేక్ష తీరినది. చిత్రాంతమున సుమతి మరల భైరవుని చేతికి చిక్కుటతో కథ నిలిచినది. ఇది ముగింపు కాదు, విరామము. ఉత్తరభాగము వచ్చినగాని దీనిమీద తీర్పు చెప్పరాదు.

నాల్గవది కాలగణన. సంప్రదాయమున కలియుగారంభము క్రీస్తుపూర్వము 3102. దానికి 2898 కలిపినచో 6000. ఈ కూర్పు చమత్కారముగా నున్నది. కాని కలియుగ పరిమాణము 4,32,000 వత్సరములనియు, దాని యంతమున కల్కి యవతరించుననియు పురాణమతము. యుగము ఇంత త్వరగా ఏల ముగిసినది? మనుష్యుడే విజ్ఞానముతో దానిని తొందరపఱచెనని చెప్పియున్నచో, పురాణమునకును, వైజ్ఞానికమునకును గొప్ప సంధి యేర్పడియుండును. కాంప్లెక్స్ అను దుర్గము అందులకు చేతికందిన సామగ్రి. వెలువడిన భాగమున ఆ హేతువు స్పష్టముగా చెప్పబడలేదు. ఇది ప్రతీక్షాభంగము కాదు, అపేక్షాభంగము. రాజమౌళి, రాంగోపాల్ వర్మ వంటి ప్రసిద్ధదర్శకులు క్షణకాలము కనబడి పోవుటయు ఇట్టిదే. వారిని చూచి ప్రేక్షకుడు ఆనందించును గాని 2898వ సంవత్సరమును మఱచి 2024లోనికి వచ్చును. అది అనూహ్యమే, కాని అపేక్షితము కాదు. మల్లినాథుడు తన వ్యాఖ్యలో అట్టిదానికి చోటిచ్చియుండడు.

పురాణమును శాస్త్రముతో కలిపినంతనే అది వైజ్ఞానిక కల్పన కాజాలదనియు, యంత్రము తొడిగిన పురాణమనియు ఆక్షేపించువారు కొందఱు కలరు. వారి మాటలో కొంత నిజము గలదు. హేతువును అడుగవలసినచోట భక్తి యడ్డుపడినచో వైజ్ఞానికము చచ్చును. కాని మూలకథను మార్చుట దోషమను భావము మాత్రము మన యలంకారశాస్త్రమునకు సమ్మతము కాదు. వక్రోక్తిజీవితకారుడు కుంతకుడు ప్రబంధవక్రతను నిరూపించుచు, ఇతిహాసమున ఒక రసముతో ముగియు కథను కవి వేఱొక రసముతో ముగించుటను ప్రతిభావిలాసముగా మెచ్చుకొనెను. సీతను రామునికి మరల కూర్చిన భవభూతి "ఉత్తరరామచరితము" ఆయన చూపిన యుదాహరణములలో నొకటి. మూలము తెలిసిన ప్రేక్షకుని ప్రతీక్షను అట్లు భంగపఱచుట ఈ దేశమున వేయేండ్లకు ముందే శాస్త్రసమ్మతమైనది. భవభూతి చేసినది ప్రేక్షకుని ఆశ్చర్యపఱచుటకై కాదు; అంతవఱకు పెంచిన కరుణమునకు తగిన యోదార్పును చేకూర్చుటకై.

ఈ విచారమువలన పాఠశాలా పండితులకు ఒక ప్రయోజనము కలదు. న్యాల్‌కల్ బీదరు సరిహద్దున నున్న యూరు. ఇట్టి సీమాగ్రామములందలి బాలురు తెలుగును, కన్నడమును, ఉర్దూను వినుచు పెరుగుదురు. వారు ప్రబంధమును చదువకముందే చలచ్చిత్రమును చూతురు. అశ్వత్థామను భారతమునకంటె ముందు తెరమీద ఎఱుగుదురు. దీనిని చూచి వగవవలసిన పని లేదు. తరగతిలో ఆ చిత్రమునే యెత్తుకొని, "నీవు అనుకొన్నదేది? జరిగినదేది? జరిగినదానికి ముందే ఏ చోటనైన బీజము కలదా?" అని అడిగినచో, బాలుడు తనకు తెలియకయే విమర్శకుడగును. ఆ ప్రశ్నలతోనే అతనిని సౌప్తికపర్వమునకును, "కుమారసంభవము"నకును, "కళాపూర్ణోదయము"నకును కొనిపోవచ్చును. సూరన కథ చిక్కుగా నున్నదని భయపడు విద్యార్థి, 1526కును 2504కును ఒకే చిత్రములో పోయి వచ్చినవాడైనచో, బ్రహ్మ ముందుగా చెప్పిన కథను గ్రహించుటకు అంతగా వెనుదీయడు. తెలుగు వైజ్ఞానిక చిత్రములు ఇంకను కొలదిగనే యున్నవి. వానిని వట్టి వినోదములని త్రోసిపుచ్చక, పరిషత్తులు ఈ దృష్టితో ఒక్కొక్కదానిని పరిశీలించి, ఏది మూలముగలదో, ఏది అమూలమో విడదీసి చూపినచో, రాబోవు కృతులకు మేలు కలుగును.